చలవత్త చెయ్యి

అబ్బే, పుట్టుకతో వచ్చింది కాదు ఆ చలవ. అందరిలాగే వెచ్చగానే పుట్టింది. పెళ్ళై, మొగుడి వెనకాలే తుక్కు యార్డులో పనికి చేరాక మొదలైంది. ముందు గోళ్ళు చల్లబడ్డాయి, తర్వాత అరచేతులు, ఆ తర్వాత వీపు. నాలుగో ఏడు వచ్చేసరికి ఆమె పక్కన చెంబుడు నీళ్ళు పెడితే చెంబుకి బయట చెమట పట్టేది. అప్పట్నించే చలవత్త అన్నారు. అంతకుముందు ఏమని పిలిచేవాళ్ళో ఇప్పుడెవర్నడిగినా చెప్పలేరు. ఆమెకే గుర్తులేదు.

ఆ యార్డుకి వచ్చేదంతా ఏసీల తుక్కు, హీటర్ల తుక్కు. గేటు దాటి లోపలికొస్తే ఎడం పక్క ఏసీలు, కుడి పక్క హీటర్లు. మధ్యలో తూకం బల్ల. ఏసీలు తయారుచేసే కంపెనీ నించి కత్తిరింపు ముక్కలు వేరే వచ్చేవి. రేకు అంచులు, వంపు సరిగ్గా తిరగని గొట్టాలు, తళతళలాడే కొత్త రాగి. ఆ కొత్త రాగిని చలవత్త ముట్టుకుని పక్కన పడేసేది. "ఇది పసిది. దీనికింకా ఏ గదీ తెలీదు" అనేది.

వాడిన రాగి అలా కాదు. పదేళ్ళు ఒక గదిని చల్లగా ఉంచిన గొట్టం, పీకి బయటపడేయగానే ఊరుకుంటుందా? గ్యాసు లాగేసినా, నూనె వంచేసినా గొట్టం గోడల్లో కాస్త చలవ మిగిలే ఉంటుంది. కోసినవాళ్ళ చేతుల్లోకి దిగుతుంది అది. తొడుగులు వేసుకున్నవాళ్ళకి దిగదు. చలవత్త తొడుగులు వేసుకునేది కాదు. తొడుగులేస్తే రాగి ఎక్కడ పలచనో, ఎక్కడ అతుకో వేళ్ళకి తెలీదనేది. మేస్త్రి ఎన్నిసార్లు తిట్టాడో. తిట్టీ తిట్టీ, ఎండలో నిలబడలేక చివరికి ఆమె పక్కనే స్టూలు వేసుకుని కూచునేవాడు.

ఆమె పని చూడాలి అసలు. రేకుల మధ్య రాగి గొట్టాలు గుచ్చిన ఏసీ కాయిలుని ఒళ్ళో పెట్టుకునేది, పసిపిల్లని పడుకోబెట్టుకున్నట్టు. ఒక చివర వంపులన్నీ వరసగా కట్టర్‌తో కత్తిరించేది. రెండో చివర నించి గొట్టాన్ని పట్టుకుని ఒక్క లాగు లాగితే, అల్యూమినియం రేకుల్లోంచి జడలోంచి పాయ జారినట్టు జారి వచ్చేసేది. ఒక్క రేకు చినిగేది కాదు. అతుకున్న ముక్క వేరే గంప, ఇత్తడి నట్టులు వేరే డబ్బా. కంప్రెసర్‌ని వాళ్ళు కుండ అనేవాళ్ళు. కుండని తలకిందులు చేసి, చివరి నూనెబొట్టు పడేదాకా కదిలేది కాదు. "నూనె నేల మీద పడిందంటే ఆ నేల మళ్ళీ మన మొహం చూడదు" అనేది. వేరే యార్డుల వాళ్ళు ఆమె పని చూడ్డానికే పనిగట్టుకుని వచ్చేవాళ్ళు. చూసి, ఇంటికెళ్ళి, అలాగే లాగబోయి రేకులన్నీ నలగ్గొట్టుకునేవాళ్ళు.

హీటర్ల పక్క ఆమె మొగుడిది. అందరూ మావయ్య అనేవాళ్ళు. వేణ్ణీళ్ళ ట్యాంకులు, బాయిలర్ గొట్టాలు, కాలిపోయిన కాయిళ్ళు, అన్నీ ఆయన చేతి మీదే తెగేవి. ఆయనా తొడుగులు వేసేవాడు కాదు, పెళ్ళాం వేసుకోలేదన్న పట్టుదలకి. ఆయనకి వేడి దిగింది. చలికాలం పొద్దున్నే యార్డులో పిల్లులన్నీ ఆయన కాళ్ళ దగ్గర చేరేవి. తడిబట్ట భుజానేసుకుని హీటర్ల దగ్గర్నించి గేటు దాకా నడిస్తే ఆరిపోయేది.

వాళ్ళ ఇల్లు యార్డు లోపలే, వెనక గోడకి ఆనుకుని ఒకే గది. ఒక్కటే మంచం. ఆమె గోడవైపు, ఆయన తలుపువైపు. ఆ మంచానికి ఎండాకాలం లేదు, చలికాలం లేదు. ఫ్యాను కొనలేదు, దుప్పటి కొనలేదు. పిల్లలు పుట్టలేదు గానీ చలవత్త తమ్ముణ్ణి మూడో ఏట నించీ వాళ్ళే పెంచారు. వాడు ఆ మంచం మధ్యలో పడుకుని పెరిగాడు. పెద్దయ్యి పెళ్ళి చేసుకుని వేరే ఇంటికెళ్ళాక నెల రోజులు నిద్రపట్టలేదట వాడికి. "ఒకపక్క వేడి, ఒకపక్క చలవ లేకపోతే అది పడకేంటక్కా" అని వాడి గోల.

ఆ తమ్ముడే యార్డులో గ్యాసు లాగేవాడు. ఏసీ వచ్చిందంటే ముందు వాడి దగ్గరికే. గొట్టం తగిలించి, చిన్న మిషను పెట్టి, లోపలున్న గ్యాసంతా సిలిండర్లోకి లాగాలి. గాలికొదలకూడదు, ఒదిలితే ఆ పాపం ఆకాశానికి తగుల్తుందని వాళ్ళ నమ్మకం. చల్లటి సిలిండర్లోకైతే గ్యాసు తొందరగా దిగుతుంది. అందుకని వేరే యార్డుల్లో సిలిండర్ని ఐసునీళ్ళ తొట్టిలో పెడతారు. వీళ్ళకి తొట్టెందుకు? సిలిండర్ని తీసుకొచ్చి చలవత్త వీపుకి ఆనించేవాళ్ళు. ఆమె మానాన ఆమె రాగి కోసుకునేది, వెనక సిలిండర్ నిండేది. ఇరవై ఏళ్ళ నించీ అదే పద్ధతి.

అంతా బాగానే ఉండేది, ఆ మింగే మిషను వచ్చేదాకా.

లారీ అంత మిషను. కాయిళ్ళు, రేకులు, అన్నీ కలిపి ఒకవైపు పోస్తే రెండోవైపు రాగి వేరే, అల్యూమినియం వేరే కుప్పలు పడేవి. ఊరవతల పెట్టారు. పెద్ద సరుకంతా అటే పోయింది. చలవత్త ఒళ్ళోకి రోజుకి నలభై కాయిళ్ళు వచ్చేవి కాస్తా నాలుగుకి పడ్డాయి. చేతులకి పని తగ్గింది, బాగానే ఉంది. కానీ చలవ ఊరడం ఆగిపోయింది. చెంబుకి చెమట పట్టడానికి పూటపట్టేది.

మావయ్యకి చూస్తే వేడి తగ్గలేదు. హీటర్ల పని మానేసి ఏడాదైనా, లోపల దిగింది దిగినట్టే ఉంది. ఇంకా గుండెల్లోకి పాకింది. డాక్టరు చొక్కా విప్పించి చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు. జ్వరం చూసే గొట్టంలో పాదరసం చివరిదాకా ఎక్కి అక్కడే నిలబడిపోయింది.

"మీ ఇంట్లో చల్లటి చెయ్యి ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగాడు డాక్టరు.

"నేనున్నాను" అంది చలవత్త.

"రోజూ మధ్యాహ్నం ఎండ నెత్తిమీదుండే వేళకి గంటసేపు గుండెమీద చెయ్యి వెయ్యి. నీ చలవ ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఈయన ఉంటాడు."

ఆ మాట చెప్పిన రోజు నించీ చలవత్త చలవని పొదుపు చెయ్యడం మొదలెట్టింది. ఎవరైనా పిల్లల్ని తెచ్చి "జ్వరంగా ఉందత్తా, నుదుటి మీద చెయ్యి వెయ్యవా" అంటే ఒక్క వేలు మాత్రం ఆనించేది. మేస్త్రి స్టూలుని దూరంగా జరిపించింది. "నీ వేడంతా నాకెందుకయ్యా, ఇంట్లో ఉన్నది చాలదూ" అంది. తమ్ముడి సిలిండర్ ఒక్కదాన్నే కాదనలేకపోయింది. చేత్తో పెంచిన పిల్లాడు, వద్దని ఎలా చెప్తుంది?

ఆ రోజు ఎండ మామూలు ఎండ కాదు. రేకుల కప్పు టపటపమని చప్పుడు చేస్తోంది. పొద్దున్నే ఒక పెద్ద ఆఫీసు భవనం నించి డెబ్బై ఏసీలు దిగాయి. మింగే మిషను పాడైందట, అందుకని సరుకు ఇటు మళ్ళింది. చలవత్త మొహం వెలిగిపోయింది.

"డెబ్బైయ్యే బుడ్డక్కా! ఈ డెబ్బై కోశానంటే ఇంకో రెండేళ్ళు చూస్కోక్కర్లేదు" అంది.

బుడ్డక్క అంటే పక్కన రేకులు మడతపెట్టేదిలే. పొట్టి మనిషి, గొంతు మాత్రం గేటు అవతలకి వినపడుతుంది. "రెండేళ్ళు మావయ్యని భరిస్తావా అత్తా? నాకైతే మా ఆయన్ని రెండు పూటలు భరించడమే గొప్ప" అంది.

"నీ మొగుడికి వేడీ లేదు, చలవా లేదు. గోరువెచ్చటి మనిషి. అందుకే నీకు విసుగు."

షెడ్డంతా నవ్వారు. ఇరవైమంది దాకా ఉన్నారు ఆ పూట.

తమ్ముడు ఒకదాని వెనక ఒకటి గ్యాసు లాగుతున్నాడు. సరుకు గేటు పక్కనే దిగడంతో చలవత్త అక్కడే కూచుంది, సిలిండర్ ఆమె వీపుకి ఆనే ఉంది. సిలిండర్ని మధ్యమధ్యలో తూకం వెయ్యాలి, అది లెక్క. పూర్తిగా నింపకూడదు, ఐదో వంతు ఖాళీ ఉంచాలి, గ్యాసు వేడెక్కి ఉబ్బితే చోటుండాలి కదా. కానీ తూకం బల్ల మీద పొద్దున్న దింపిన కుండలు గుట్టగా పడున్నాయి. అవన్నీ దించి మళ్ళీ ఎక్కించాలంటే పూట పోతుంది. తమ్ముడు వంగి మీటరు చూశాడు. ముల్లు కిందనే ఉంది.

"ఇంకా పడుతుందక్కా" అన్నాడు.

ఇంకో మూడు ఏసీల గ్యాసు ఎక్కించాడు. మళ్ళీ చూశాడు. ముల్లు కదల్లేదు. ఇంకో రెండు ఎక్కించాడు. పాపం, వాడు చూసింది సిలిండర్‌ని కాదు, అక్క వీపుని. ఆ వీపు ఆనుకున్నంతసేపూ ముల్లు లేవదు. చల్లటి గ్యాసు ఒద్దిగ్గా కూచుంటుంది. అంచు దాకా నిండినా నిండినట్టు చెప్పదు. ఇరవై ఏళ్ళు తూకం వేసి వేసి, ఆ ఒక్కరోజు వెయ్యలేదు.

ఎండ నెత్తిమీదకొచ్చింది. చలవత్త ఒళ్ళో కాయిలు పక్కన పెట్టి, చీర దులుపుకుని లేచింది. అప్పటికి పదకొండు కోసింది.

"మీ బావ దగ్గరికెళ్ళొస్తాన్రా" అంది.

"వెళ్ళక్కా, నేను చూసుకుంటా."

ఆమె వెళ్ళిపోయింది. సిలిండర్ గేటు పక్కన ఒక్కటీ మిగిలింది, ఆనుకునే వీపు లేక. కప్పు చివర నించి ఎండ మెల్లగా జరిగి దాని మీదకొచ్చింది.

గదిలో మావయ్య మంచం మీద గోడకి ఆనుకుని కూచున్నాడు. గోడ మీద ఆయన ఆనిన చోట సున్నం గోధుమరంగుకి తిరిగింది. చలవత్త పక్కన కూచుని చొక్కా గుండీలు విప్పి గుండెమీద చెయ్యి వేసింది. పెనం మీద నీళ్ళు పడ్డట్టు చుయ్యిమంది. మామూలే, రోజూ అంటుంది.

"ఇవాళ డెబ్బై దిగాయయ్యా" అంది.

"నీకు పండగే అయితే."

"పదకొండు కోశా. అన్నీ మంచి చలవున్నవి. ఏ మీటింగు గదిలోవో ఏమో, వేళ్ళు జిల్లుమన్నాయి."

"మీటింగు గదులంటే అంతే. మనుషులు వేడెక్కకుండా ఆపాలి కదా పాపం" అన్నాడు మావయ్య. నవ్వితే ఆయన ముక్కులోంచి ఆవిరొచ్చేది. "ఆ పదకొండూ నా మీదే పోసేస్తావేంటే? కాస్త ఉంచుకో."

"నాకెందుకు?"

అంతలో గోడ అవతల నించి బుడ్డక్క కేక. ఆ గొంతు నవ్వే గొంతు కాదు. తలుపు తోసుకుని లోపలికొచ్చి పడింది.

"అత్తా! సిలిండర్! ముల్లు ఎర్రగీత దాటేసింది! కాస్త గ్యాసు బయటికి తీద్దామని తమ్ముడు మూత తిప్పబోతే, రెండు పిడుల్లో ఎర్రది విరిగి చేతికొచ్చింది, నీలంది బిగుసుకుపోయి రావట్లేదు!"

"నీళ్ళు పొయ్యండే!"

"పోశామత్తా! ట్యాంకులో నీళ్ళు కాగుతున్నాయి ఎండకి. పోస్తే ఇంకా పైకెక్కింది ముల్లు. అది చూస్తే గేటు పక్కనే ఉంది. అందరం ఇవతలే చిక్కుకున్నాం. వాడేమో పొమ్మంటే పోడు. నా తప్పు, నా తప్పు అంటూ దాన్ని పట్టుకుని నిలబడ్డాడు!"

చలవత్త లేవలేదు. చెయ్యి ఆయన గుండెమీదే ఉంది. ఆ చెయ్యి వంక చూసింది. లోపల ఎంతుందో ఆమెకి తెలుసు, రోజూ చూసుకునేదే కదా. నిండు సిలిండర్‌ని చల్లార్చాలంటే ఎంత కావాలో కూడా తెలుసు. రెండూ ఒకటే. చుక్క మిగలదు.

మావయ్య ఆమె మొహం చూశాడు. ముప్పై ఏళ్ళు ఒకే మంచం మీద పడుకున్నవాడికి విడమర్చి చెప్పాలా? ఆమె మణికట్టు పట్టుకుని, తన గుండెమీంచి తనే తీశాడు.

"వెళ్ళు" అన్నాడు.

"ఏవయ్యా..."

"వాణ్ణి మనిద్దరి మధ్య పడుకోబెట్టుకుని పెంచాం. వెళ్ళు."

"మరి నువ్వు?"

"నేనెక్కడికి పోతాను? ఇక్కడే కూచునుంటా. దాన్ని కావలించుకో పో, నాకేం కుళ్ళు లేదులే."

బుడ్డక్క ఆ మాట జన్మలో మర్చిపోలేదు. అప్పుడు కూడా ఆయన నవ్వాడట.

చలవత్త పరిగెత్తే మనిషి కాదు. మోకాళ్ళు నొప్పులు. ఆ రోజు పరిగెత్తింది. షెడ్డులో జనమంతా వెనక గోడకి అతుక్కుపోయి ఉన్నారు. సిలిండర్ ఒంటిమీద రంగు చిట్లి లేస్తోంది. లోపల్నించి సన్నగా ఒక కూత. తమ్ముడు దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని ఉన్నాడు, పట్టుకుంటే ఆగుతుందన్నట్టు.

"లే అక్కడ్నించి" అంది.

"అక్కా, తూకం వెయ్యలేదక్కా..."

"తర్వాత ఏడుద్దువు గాని. లేచి ఖాళీ సిలిండర్ ఒకటి పట్రా. గొట్టం బిగించి సిద్ధంగా ఉంచు."

నేలమీద బాసింపట్టు వేసుకుని కూచుంది. రోజూ కాయిలుని తీసుకున్నట్టే సిలిండర్ని ఒళ్ళోకి లాక్కుంది. రెండు చేతులూ చుట్టూ వేసి, చెంప దానికి ఆనించి కళ్ళు మూసుకుంది.

మొదట ఏమీ కాలేదు. తర్వాత కూత తగ్గింది. తర్వాత ఆమె చెంప ఆనిన చోట తెల్లగా మంచు పట్టింది. ఆ మంచు వేళ్ళ సందుల్లోంచి పాకి సిలిండర్ చుట్టూ తిరిగి, కింది నించి పైకి, పై నించి పిడి దాకా కప్పేసింది. చలవత్త కనురెప్పల మీద కూడా మంచే. నేలమీద ఆమె కూచున్న చోటు చుట్టూ తడిసి, ఆ తడి గట్టిపడింది. వెనక గోడకి అతుక్కున్న ఇరవైమందికీ ఒక్కసారి ఒళ్ళు జలదరించింది. మేస్త్రి చొక్కా చేతులు కిందికి దింపుకున్నాడు.

ముల్లు దిగింది. ఎర్రగీత దగ్గర ఒక్క క్షణం తారట్లాడి, దాటి, ఇంకా దిగింది.

"ఇప్పుడు తిప్పు నీలంది" అంది కళ్ళు తెరవకుండానే.

తమ్ముడు తిప్పాడు. తిరిగింది. సగం గ్యాసు ఖాళీ సిలిండర్లోకి పోయేదాకా ఆమె ఒక చెయ్యి దీనిమీద, ఒక చెయ్యి దానిమీద వేసి కూచుంది. రెండుగంటలు పట్టింది. ఈసారి బల్లమీద కుండలన్నీ దించి, రెండు సిలిండర్లనీ తూకం వేశారు. ఇరవైమందీ చుట్టూ నిలబడి చూశారు. బుడ్డక్క అంది, "చూడండి, చూడండి, అత్తకి చెమట పడుతోంది."

నిజమే. నుదుటి మీద మంచు కరిగింది కాదది. లోపల్నించి వచ్చిన చెమట. ముప్పై ఏళ్ళలో మొదటి చెమట. చలవత్త వేలితో తుడిచి, వేలు చూసుకుంది. కాయిళ్ళు ఇంకా యాభై తొమ్మిది మిగిలున్నాయి. ఒకటి ఒళ్ళోకి తీసుకుని వంపు కత్తిరించింది. ఏమీ దిగలేదు. చెయ్యి అలవాటు తప్పిపోయిందో, గిన్నెకి అడుగే పోయిందో. ఇంకోటి కోసింది. ఇంకోటి. తమ్ముడు వచ్చి ఆమె చేతిలోంచి కట్టర్ తీసుకున్నాడు.

"ఇంటికెళ్దాం పదక్కా" అన్నాడు.

పొద్దు వాలుతుండగా గదికి వచ్చారు. వెనకాలే యార్డు యార్డంతా వచ్చింది. ఒకళ్ళు ఐసుముక్కలు తెచ్చారు, ఒకళ్ళు తడిగుడ్డలు, మేస్త్రి వాళ్ళింట్లో ఫ్యాను ఊడబీక్కుని భుజానేసుకొచ్చాడు. ఐసు మావయ్య గుండె మీద పెడితే నీళ్ళవడం కూడా లేదు, నేరుగా ఆవిరై పోతోంది. తడిగుడ్డ పరిచేలోపే ఆరిపోతోంది. తమ్ముడు మంచం కోడు పట్టుకుని కూలబడ్డాడు.

"బావా, నావల్లే బావా."

"ఒరేయ్, తూకం వేశారా?" అన్నాడు మావయ్య.

"వేశాం బావా."

"అదీ. రేపట్నించి ఎంత తొందరున్నా వెయ్యి. ఇంక మీ అక్క వీపు లేదు నీకు." అందరివంకా చూశాడు. "ఏంట్రా ఇంతమంది ఇక్కడ? గాలాడనివ్వండి. ఇళ్ళల్లో మీకోసం చూస్తుంటారు, పోండి. ఇవాళ పోవడానికి ఇళ్ళున్నాయిగా."

ఒక్కొక్కరే వెళ్ళారు. ప్రతివాళ్ళూ గుమ్మం దగ్గర ఆగి చలవత్త చెయ్యి ఒకసారి పట్టుకుని వెళ్ళారు. ఎవరి చెయ్యి వేడి ఎవరిదో తెలీలేదు, అందరివీ ఒకలాగే ఉన్నాయి. తమ్ముడు మాత్రం వెళ్ళనన్నాడు. గుమ్మం బయట అరుగు మీద కూచున్నాడు.

చలవత్త మంచం మీద కూచుని, అలవాటుకొద్దీ ఆయన గుండెమీద చెయ్యి వేసింది. చుయ్యిమనలేదు. తీసెయ్యబోయింది.

"ఉంచు" అన్నాడు మావయ్య. "ఇంత వెచ్చగా ఉంటుందా నీ చెయ్యి? నాకు తెలీనే తెలీదు."

"నాకూ తెలీదు."

"బాగుంది."

ఆమె నుదుటి మీద చెమట పట్టింది. ఆయన పైపంచె చివరతో తుడిచాడు. మళ్ళీ పట్టింది, మళ్ళీ తుడిచాడు. కొత్తపెళ్ళికూతురికి తుడిచినట్టు తుడుస్తున్నావని ఆమె అంది. కొత్తే కదా అని ఆయన అన్నాడు. డెబ్బైలో పదకొండు కోశావా, ఇరవైయ్యా అని అడిగాడు. పదకొండూ, తర్వాత ఇంకో మూడూ అంది. లాగేటప్పుడు రేకు చినిగిందా? చినగలేదు. అదీ, అన్నాడు.

ఆమె గోడవైపు, ఆయన తలుపువైపు, ఎప్పట్లాగే పడుకున్నారు. ఆమెకి ఒళ్ళంతా ఉక్కపోసింది. మనుషులంతా ఇన్నేళ్ళూ ఇలాగే పడుకున్నారా అనుకుంది. ఆయన వేడి పక్కనే ఉంది. అటు తిరిగి పడుకుంది.

తెల్లవారుజామున ఆమెకి చలేసింది. దుప్పటి కోసం చెయ్యి చాపింది. ఆ ఇంట్లో దుప్పటెక్కడుంది?

తెల్లారేసరికి మావయ్య లేడు.